బైక్ మీద కెమెరా బ్యాగు: టాప్ బాక్సా, వీపా, ట్యాంకా?

దారిపొడవునా:
పది రోజుల బైక్ ప్రయాణం. రోజుకు 250-300 కిలోమీటర్లు, మధ్యమధ్య కంకర రోడ్లు. సామాను: సెన్సర్ స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేయడానికి సెన్సరే కదిలే ఏర్పాటు) ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా బాడీ ఒకటి, 24-70, 70-200 మిల్లీమీటర్ల జూమ్ లెన్సులు, చిన్న ట్రైపాడ్, మూడు బ్యాటరీలు. బండి వెనక క్యారియర్ మీద టాప్ బాక్సు, అంటే మూత ఉన్న గట్టి పెట్టె, ఉంది. అందులో స్పాంజి వేసి కెమెరా పెట్టేస్తే చాలా, వీపుకి తగిలించుకోవడం మేలా? వాన కూడా పడొచ్చు.

నట్టుబోల్టు:
టాప్ బాక్సు మాత్రం వద్దండీ. అది వెనక ఇరుసు దాటి బయటికి వేలాడుతూ ఉంటుంది. చక్రం గుంతలో పడ్డప్పుడు రెండు చక్రాల మధ్య కూర్చున్న మీకు తగిలే కుదుపుకి, ఆ కొసన తగిలేదానికి పోలికే ఉండదు. దానికి తోడు ఇంజిన్ వణుకు క్యారియర్ రాడ్ల గుండా నేరుగా బాక్సులోకి వెళ్తుంది. కింద పడి పగిలితే వెంటనే తెలుస్తుంది. వణుకు అలా కాదు, లెన్సు లోపలి చిన్న మరలను కొంచెం కొంచెంగా వదులు చేస్తుంది. లోపల ఒక గాజు వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఫోటోలో ఒక పక్క స్పష్టంగా, ఇంకో పక్క మసగ్గా వస్తుంది.

నా లెక్కలో మొదటి చోటు పెట్రోల్ ట్యాంకు మీద పెట్టే ట్యాంక్ బ్యాగు, రెండోది వెనక సీటు మీద కట్టిన మెత్తటి బ్యాగు. ట్యాంక్ బ్యాగు కొనేముందు హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి, హారన్ స్విచ్ బ్యాగుకి నొక్కుకోకూడదు. అయస్కాంతం బ్యాగులు ప్లాస్టిక్, అల్యూమినియం ట్యాంకుల మీద నిలవవు. మెమరీ కార్డులకి ఆ అయస్కాంతంతో భయం లేదు.

ఇక సర్దడం. లెన్సు తగిలించిన కెమెరాని ఎప్పుడూ పెట్టొద్దు. 70-200 బరువంతా ప్రతి గుంతలోనూ మౌంట్‌ని (లెన్సు కెమెరాకి బిగుసుకునే చోటుని) పట్టి గుంజుతుంది. లెన్సు విప్పేముందు స్టెబిలైజేషన్ ఆపి, షట్టర్ బటన్ మీంచి వేలు తీసి, ఆ తర్వాతే కెమెరా ఆఫ్ చేయండి. స్టెబిలైజేషన్ ఉన్న కొన్ని లెన్సుల్లో కదిలే గాజు అప్పుడే తన చోట లాక్ అవుతుంది. ముందూ వెనకా మూతలు పెట్టండి. జూమ్ లాక్ ఉంటే వేయండి.

మామూలు స్పాంజి పనికిరాదు. బరువు పడగానే అణిగిపోయి అడుక్కి తాకుతుంది, అప్పుడు అది ఉన్నా లేనట్టే. అడుగున 25-30 మిల్లీమీటర్ల గట్టి ఈవీఏ ఫోమ్ (చెప్పుల అడుగున వాడే రబ్బరులాంటి ఫోమ్), దాని మీద మెత్తటి పొర, చుట్టూ 15-20 మిల్లీమీటర్లు ఉండాలి. బొటనవేలితో నొక్కితే కాస్త దిగి, తీయగానే పైకి రావాలి. ఏ వస్తువూ ఇంకోదాన్ని తాకకూడదు. అన్నీ పెట్టి, మూసి, చెవి దగ్గర ఊపి చూడండి. టకటకలాడితే మళ్ళీ సర్దాల్సిందే. అయితే మీదానిలా సెన్సర్ స్టెబిలైజేషన్ ఉన్న చాలా మిర్రర్‌లెస్ బాడీల్లో ఆఫ్‌లో ఉన్నప్పుడు సెన్సరే కాస్త కదిలి చప్పుడు చేస్తుంది. అది లోపం కాదు.

వీపుసంచి:
నట్టుబోల్టు గారితో ఒక్క చోట విభేదిస్తాను. వణుకుని మింగడంలో మనిషి శరీరాన్ని మించిన సస్పెన్షన్ లేదు. పైగా బండి ఆపి దిగితే కెమెరా మీతోనే ఉంటుంది. కానీ షరతులు ఉన్నాయి. మొత్తం బరువు నాలుగైదు కిలోలు దాటితే సాయంత్రానికి భుజాలు పోతాయి. నడుం బెల్టూ ఛాతీ పట్టీ రెండూ బిగించాలి, లేకపోతే మలుపుల్లో బరువు పక్కకి ఊగుతుంది. ట్రైపాడ్ లాంటి గట్టి పొడుగు వస్తువు వెన్నెముక వెంట అస్సలు ఉండకూడదు, పడితే దాని మీదే పడతారు. కెమెరాని మెడలో వేసుకుని నడపడమూ అంతే, పడితే పక్కటెముకలకే తగులుతుంది.

దారిపొడవునా:
అలా అయితే బాడీ, 24-70 వీపు మీద, 70-200 ట్యాంక్ బ్యాగులో పెడతాను. వాన సంగతి?

చినుకు:
బ్యాగుతో వచ్చే రెయిన్ కవర్ని నమ్మకండి. వీపు వైపు తెరిచే ఉంటుంది, వేగంలో గాలికి ఉబ్బుతుంది, జారిన నీళ్ళు కవరు అడుగునే నిలుస్తాయి. బ్యాగు లోపలే రోల్-టాప్ డ్రై బ్యాగు (మూతి చుట్టి మూసే, నీళ్ళు దూరని సంచి) వేసి, మూతిని కనీసం మూడు మడతలు చుట్టి క్లిప్ పెట్టండి. కెమెరా తడిగా ఉండగా మాత్రం మూసేయొద్దు, రాత్రంతా ఆవిరిలో నానుతుంది. ముందు పొడి గుడ్డతో తుడవాలి, తర్వాత సిలికా జెల్ పొట్లం. చలిలోంచి వెచ్చటి గదిలోకి వెళ్ళగానే బ్యాగు తెరవొద్దు, గంటన్నర అలాగే ఉంచండి. లేకపోతే గాజు మీద, కొన్నిసార్లు లోపల కూడా, తేమ పడుతుంది.

బ్యాటరీల టెర్మినల్స్‌కి మూతలు ఉండాలి. తాళం చెవి తగిలితే షార్ట్ అవుతాయి. సైలెన్సర్ వైపు బ్యాగులో పెట్టొద్దు. నిండిన కార్డులు జాకెట్ లోపలి జేబులో ఉండాలి, బ్యాగు పోయినా ఫోటోలు మిగులుతాయి.

నట్టుబోల్టు:
ట్రైపాడ్‌ని సీటు మీద బెల్టులతో కట్టండి. కొక్కేల రబ్బరు తాళ్ళు వద్దు, కొక్కెం ఊడితే నేరుగా కంటికే వస్తుంది. బెల్టు కొసలు చుట్టి లోపలికి దోపాలి, వేలాడితే చైను లాక్కుంటుంది. బయల్దేరిన 15 కిలోమీటర్లకి ఒకసారి ఆపి మళ్ళీ బిగించండి, ఈలోగా సామాను అణిగి పట్టు వదులవుతుంది. టాప్ బాక్సులో బట్టలు, రెయిన్ సూట్ పెట్టండి. క్యారియర్ ఎంత బరువు మోస్తుందో బండి మాన్యువల్లో ఉంటుంది, బాక్సు బరువూ అందులో కలిపే చూడాలి.

దారిపొడవునా:
ఫోన్ హ్యాండిల్ మీద, మ్యాప్ కోసం. దానికేం కాదుగా?

చినుకు:
దానికీ అదే వణుకు. ఎక్కువ సామర్థ్యమున్న మోటార్‌సైకిల్ ఇంజిన్ల వణుకు ఐఫోన్ కెమెరా స్టెబిలైజేషన్‌నీ ఆటోఫోకస్‌నీ దెబ్బతీయొచ్చని 2021లో ఆపిల్ సంస్థే హెచ్చరించింది. వణుకు తగ్గించే డ్యాంపర్ ఉన్న ఫోన్ మౌంట్ వాడండి. పాత ఫోన్ ఉంటే మ్యాప్‌కి దాన్నే తగిలించండి.