బేగెల్ దుకాణంలో మధ్యాహ్నం తిన్నది భోజనమా, టిఫినా?

చర్చ ప్రారంభం: విజయవాడ, బెంజి సర్కిల్ దగ్గర ఉద్యోగి

మా కార్యాలయం పక్క వీధిలో ఈమధ్య మధ్యధరా సముద్ర తీరపు వంటకాలంటూ చిన్న దుకాణమొకటి తెరిచారు. అక్కడ బేగెల్‌ను, అంటే నడుమ చిల్లున్న గుండ్రటి గోధుమ రొట్టెను, అడ్డంగా కోసి, లోపల హమ్మస్ అనే శనగల ముద్ద పూసి, శనగలు రుబ్బి నూనెలో వేయించిన ఫలాఫెల్ ఉండలు, ఉప్పునీటిలో ఊరిన కీరదోస ముక్కలు పెట్టి, పక్కన చిన్న గిన్నెలో కాల్చిన వంకాయ ముద్ద ఇస్తారు. పదిహేను రోజుల్లో నాలుగు మధ్యాహ్నాలు అదే తిన్నాను. సాయంత్రం అమ్మ అలవాటుగా "అన్నం తిన్నావా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు, తిన్నానంటే అబద్ధమేమో అనిపించింది, లేదందామంటే కడుపు నిండుగానే ఉంది. మా విభాగంలోని పెద్దాయన ఒకరు అది టిఫినే తప్ప భోజనం కాదని గట్టిగా అంటున్నారు. సభ్యులు తమ అభిప్రాయం కారణాలతో సహా చెప్పగలరు.

జవాబు: గుంటూరు, బ్రాడీపేట

ఆ పెద్దాయన మాటే సరైనది. మన భోజనానికి ఒక వరుస ఉంది. మొదట పప్పూ నెయ్యీ, తరవాత కూర, పచ్చడి, ఆపైన చారో పులుసో, చివర పెరుగు. మే నెల ఎండల్లో పెరుగన్నం తినకుండా లేచినవారికి ఆ లోటు సాయంత్రందాకా తెలుస్తూనే ఉంటుంది. బేగెల్‌లో అన్ని రుచులూ ఒక్క కొరుకులోనే వచ్చేస్తాయి. పైగా నేను ఒకచోట తిన్నది నడిమధ్య చిల్లు పెట్టిన మామూలు బన్ను. రెండు గంటలు తిరక్కుండానే మళ్ళీ ఆకలి వేసింది.

జవాబు: గుంటూరు, లక్ష్మీపురం, బేకరీ నడిపేవాడిని

బ్రాడీపేట సభ్యులు రెండు వేర్వేరు సంగతులను కలిపేశారు. వారు తిన్నది బాగా లేకపోవడం ఒకటి, బేగెల్ భోజనం కాకపోవడం మరొకటి. మొదటిదాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, ఎందుకంటే ఓవెన్‌లోకి వెళ్ళేముందు కాగే నీళ్ళలో ఉడకనిది బేగెల్ కాదు. న్యూయార్క్‌లో ఆ నీళ్ళలో బార్లీ మాల్ట్ (మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన తీపి పాకం) కలుపుతారు, మాంట్రియల్‌లో తేనె కలుపుతారు. అలా కొద్దిసేపు ఉడికినప్పుడు పైనున్న పిండిలోని గంజి పొర కడుతుంది, ఆ పొర వల్ల ఓవెన్‌లో పిండి ఎక్కువ ఉబ్బలేక లోపల దిట్టంగా, నమిలేకొద్దీ సాగేలా తయారవుతుంది. కొనేముందు బొటనవేలితో నొక్కి చూడండి. బన్ను కుంగి అలాగే ఉండిపోతుంది. బేగెల్ తిరిగి పైకి లేస్తుంది, దాని పైపొర మెరుస్తూ ఉంటుంది. ఉడకబెట్టే పని తప్పించుకోవడానికి చాలామంది బన్నుకే చిల్లు పెట్టి అమ్ముతున్నారని వృత్తిలో ఉన్నవాడిగా బాధతోనే చెబుతున్నాను.

ఇక రెండో సంగతి. భోజనమంటే వరి అన్నమేనన్న నమ్మకం మనలో చాలామందికి కాలువ నీళ్ళతో వచ్చినది. కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది 1855లో. నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలింది 1967లో. సాగర్ నీళ్ళు రాకముందు పల్నాటి మెట్ట ఊళ్ళలో రోజూ తిన్నది జొన్నన్నం, సజ్జ సంకటి, కొర్రన్నం. మా నాయనమ్మ ఆ ఊళ్ళనుంచే వచ్చింది. వరి అన్నం పండక్కి వండేవారని, జొన్నన్నం తిన్న రోజున కూడా "అన్నం తిన్నాం" అనే చెప్పుకునేవారని ఆమె చెప్పేది. అన్నమనే సంస్కృత పదానికి అసలు అర్థం కూడా తినేది అనే. ఈజిప్టువారు తమ వాడుక భాషలో రొట్టెను "ఐష్" అంటారు. ఆ మాటకు జీవితమని అర్థం. మనం అన్నానికిచ్చిన చోటే వారు రొట్టెకిచ్చారు.

ఒక చిన్న సవరణ కూడా చేయాలి. బేగెల్ మధ్యధరా తీరపుది కాదు. దాని ప్రస్తావన పోలెండ్‌లోని క్రాకోవ్ యూదుల 1610 నాటి నిబంధనల్లో కనిపిస్తుంది. అక్కడి యూదుల వలసలతోనే అది న్యూయార్క్ చేరింది. హమ్మస్, ఫలాఫెల్ మాత్రం లెబనాన్, సిరియా, పాలస్తీనా, ఈజిప్టు వైపువి. ఆ పక్క వంటకాలను చూస్తే నాకు మన వంటిల్లే గుర్తొస్తుంది. నానబెట్టిన శనగలను ఉడకబెట్టకుండా పచ్చిగానే రుబ్బి నూనెలో వేస్తే ఫలాఫెల్, నానిన శనగపప్పును బరకగా రుబ్బి వేస్తే మసాలా వడ. ఉడికించి వేస్తే రెండూ నూనెలో విచ్చిపోతాయి. హమ్మస్‌కు కావలసిన కాబూలీ శనగ మన ప్రకాశం జిల్లాలోనే పండుతుంది. అందులో కలిపే తహీనీ అంటే నూపప్పును దోరగా వేయించి నూనె పైకి తేలేదాకా మెత్తగా నూరిన ముద్ద. వంకాయను నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, చింతపండు, పచ్చిమిరపకాయలతో నూరితే మన పచ్చడి, తహీనీ, నిమ్మరసంతో కలిపితే వారి బాబా గనూష్. పప్పు, నువ్వులు, కూరగాయ, గోధుమ అన్నీ ఉన్న పళ్ళేన్ని టిఫినని పక్కన పెట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు.

జవాబు: విజయవాడ, సత్యనారాయణపురం

మా ఇంట్లో కార్తీక మాసమంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టము. ఆ నెలలో ఇది తినవచ్చా?

జవాబు: లక్ష్మీపురం, బేకరీ

సాధారణ బేగెల్ పిండిలో పాలు, గుడ్డు ఉండవు, కాని కొన్నిచోట్ల గుడ్డు కలిపే రకమూ చేస్తారు కాబట్టి అడిగి తీసుకోండి. హమ్మస్‌లో వెల్లుల్లి, ఫలాఫెల్‌లో ఉల్లి దాదాపు తప్పవు. తహీనీలో నిమ్మరసం, ఉప్పు మాత్రమే కలిపి విడిగా ఇమ్మంటే ఇవ్వగలరు.

జవాబు: గుంటూరు, బ్రాడీపేట

జొన్నన్నం మాట నన్ను ఆలోచనలో పడేసింది. మా తాతగారూ సత్తెనపల్లి వైపువారే. ఆయన రాత్రిపూట జొన్నరొట్టె, గోంగూర పచ్చడి తిని, చివర గ్లాసెడు మజ్జిగ తాగి లేచేవారు. దాన్ని టిఫినని అనడానికి నాకు నోరు రాదు. పెరుగు విషయంలో మాత్రం నా పట్టు సడలదు.

జవాబు: చర్చ ప్రారంభించినవారు

ఈ రోజు దుకాణంలో అడిగాను. పెరుగును గుడ్డలో కట్టి వడకట్టిన లబ్నే వారి దగ్గర ఉందట, రేపటి నుంచి గిన్నెలో విడిగా పెడతామన్నారు. బొటనవేలితో నొక్కి కూడా చూశాను, పైకి లేచింది. ఆదివారం అమ్మను తీసుకువెళ్తున్నాను.