షాఫ్ట్ డ్రైవ్ బండిలో వెనకాల గుంయ్‌మని సౌండ్, యాడ నుంచి వస్తుందో పట్టుకునేదెట్లా?

ఘాట్‌రోడ్ కుర్రోడు (తిరుపతి)
అన్నలారా, ఒక సాయం కావాల. నాది షాఫ్ట్ డ్రైవ్ బండి, అంటే చైను బదులు ఇనుప కడ్డీ వెనక చక్రాన్ని తిప్పేది, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. ఈ మధ్య చంద్రగిరి దాటి హైవే ఎక్కి అరవై దాటగానే వెనక చక్రం కాడ గుంయ్‌మని మొదలై స్పీడు పెరిగేకొద్దీ పెద్దదవుతా ఉంది, యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంకా ఎక్కువ, తిప్పి పట్టుకుంటే కొంచెం తగ్గుతుంది. షెడ్డులో చూపిస్తే గేర్‌బాక్స్ దించాల్సిందే అంటున్నారు. దించకముందు ఇంట్లోనే చూసుకునేవి ఏమన్నా ఉన్నాయా?

చిత్తూరు హైవే
ముందు టైర్ చూడబ్బా. మా పలమనేరు రోడ్డు మీద తిన్నగా పొయ్యేవాళ్ళకి వెనక టైర్ నడిమధ్యలో చదునుగా అరిగిపోయి ఇట్లానే మూలుగుతాది. మొగిలి ఘాట్‌లో మలుపులో బండి వాల్చినప్పుడు సౌండు మారిందంటే టైరే. తారు మీద ఒక రకం, సిమెంటు మీద ఒక రకం వినిపించినా టైరే.

ఘాట్‌రోడ్ కుర్రోడు
రెండిటి మీదా ఒకటే అన్నా. టైరు కూడా ఈమధ్యే మార్చింది.

పాకాల మెకానిక్
తమ్ముడూ, గేర్‌బాక్స్ మాట ఇప్పుడే ఎత్తొద్దు. నువ్వే చెప్పినావు కదా యాక్సిలరేటర్ వదిలితే సౌండు మారుతుందని, అది మంచి గుర్తు. ఖాళీగా, తిన్నగా ఉండే రోడ్డు చూసుకోని, కరకంబాడి రోడ్డయితే పొద్దున్నే పో, సౌండు వచ్చే స్పీడులో క్లచ్ పట్టేసి ఇంజన్‌ని ఐడిల్‌కి రానీ. ఇంజన్ ఆర్పీఎంతో పాటు సౌండు కూడా పడిపోతే అది ఇంజన్ వైపుది, ఇంజనో క్లచ్చో. అట్లా కాకుండా బండి స్పీడుతో పాటే మెల్లగా తగ్గితే షాఫ్ట్, వెనకున్న క్రౌన్ పినియన్ (షాఫ్ట్ తిరుగుడుని చక్రం వైపు మళ్ళించే గేర్ల జత), వాటి బేరింగులు, ముందు ఈడ వెతకాల. ఘాట్ దిగేటప్పుడు మాత్రం ఈ పని చెయ్యొద్దు, ఇంజన్ బ్రేకింగ్ లేకుండా బ్రేకుల మీదే దిగితే అవి కాలిపోతాయి.

న్యూట్రల్లో నిలబడినప్పుడు వచ్చే గలగల వేరే సంగతి. క్లచ్ పట్టగానే ఆగిపోతే దానికీ దీనికీ సంబంధం లేదు.

రేణిగుంట రైడర్
ఇంకొకటి, సెంటర్ స్టాండ్ వేసి గేర్‌లో పెట్టి ఇంజన్ తిప్పి వినాలని చాలామంది చూస్తారు, అది వద్దు. చక్రం కిందికి వేలాడినప్పుడు షాఫ్ట్ కీళ్ళు, అదే యూ జాయింట్లు, మామూలు కంటే ఎక్కువ వంగి ఉంటాయి, మంచి బండి కూడా టకటకమంటుంది. తిరిగే చక్రం దగ్గర చెయ్యి పెట్టడం ప్రమాదం కూడా. ఇంజన్ ఆపి న్యూట్రల్లో చేత్తోనే తిప్పు, పొడుగు స్క్రూడ్రైవర్ మొన వెనక గేర్లుండే పెట్టెకి, అదే హౌసింగ్‌కి, ఆనించి పిడి చెవికి పెట్టుకో, ఎక్కడ గరగరమంటుందో నేరుగా తెలుస్తుంది.

పాకాల మెకానిక్
కరెక్ట్. అట్లే చక్రాన్ని పైనా కిందా పట్టుకోని ఊపి చూడు. ఒక పక్కే ఆర్మ్ ఉండే బండ్లలో చాలావాటికి చక్రం నేరుగా ఫైనల్ డ్రైవ్‌కే, అదే క్రౌన్ పినియన్ ఉండే పెట్టెకే, బిగించి ఉంటుంది, వేరే వీల్ బేరింగ్ ఉండదు, బరువంతా క్రౌన్ పక్కనుండే పెద్ద బేరింగే మోస్తుంది. అక్కడ ప్లే, అంటే లూజు, వచ్చిందంటే ఆ బేరింగ్‌ని అనుమానించాల్సిందే. గేర్‌లో పెట్టి చక్రాన్ని ముందుకీ వెనక్కీ తిప్పితే కొంచెం కదిలి టక్కుమంటుంది, అది పళ్ళ మధ్య ఉండాల్సిన సందు, దానికి భయపడొద్దు.

మదనపల్లె అక్క
నా బండిలో కుయ్ కుయ్‌మని వచ్చేది, చూస్తే చక్రానికీ డ్రైవ్‌కీ మధ్య స్ప్లైన్లు, అదే ఒకదాంట్లో ఒకటి ఇరుక్కునే పళ్ళ గాళ్ళు, గ్రీజు లేక ఎండిపోయి ఎర్రటి తుప్పు పొడి రాలతా ఉన్నాయి. టైర్ మార్చేవాళ్ళు చక్రం తీస్తారు, పెడతారు, వాటిని ఎవరూ తుడవరు. మాలిబ్డినం పేస్టు కొనిపెట్టుకోని మనమే దగ్గరుండి పూయించుకోవాల. స్ప్లైన్లు అరిగిపోతే ఖర్చు మామూలుగా ఉండదు.

ఘాట్‌రోడ్ కుర్రోడు
క్లచ్ పట్టి చూశా, సౌండు అట్లే ఉండి బండితో పాటే తగ్గింది. చక్రం పైనా కిందా ఊపితే సన్నగా టిక్ టిక్ అని చేతికి తెలుస్తా ఉంది. ఇప్పుడేంది?

పాకాల మెకానిక్
వెనక ఫైనల్ డ్రైవ్ ఆయిల్ దించు. కొంచెం దూరం తిరిగొచ్చి వేడి మీద దించితే అడుగున ఉండేదంతా వస్తుంది. డ్రెయిన్ బోల్టుకి మ్యాగ్నెట్ ఉంటే దాని మీద బూడిదరంగు పేస్టు ఉండటం మామూలే, వేళ్ళ మధ్య రుద్దితే మెత్తగా ఉండాల. గుచ్చుకునే రజను, రేకుల్లాంటి ముక్కలు వస్తే బండి ఇంక తిప్పొద్దు. ఆయిల్ పాలకాఫీ రంగులో ఉంటే నీళ్ళు దూరినాయి.

చిత్తూరు హైవే
షాఫ్ట్ అంటే ఏదో కొత్తది అనుకుంటారు గానీ బీఎమ్‌డబ్ల్యూ 1923లో ఆర్32కే పెట్టింది. దాంట్లో ఇంజన్ క్రాంక్ బండి పొడుగునా ఉంటుంది కాబట్టి పవర్ తొంభై డిగ్రీలు మళ్ళేది ఒక్కచోటే, వెనక క్రౌన్ పినియన్ కాడ. అంత ఒత్తిడి పడే చోట ఉండేది గ్లాసుడు ఆయిలే, అదీ మార్చకపోతే ఎట్లా!

ఘాట్‌రోడ్ కుర్రోడు
రేకులే వచ్చినాయి అన్నా. బండి ఆటోలో ఎక్కించి తెలిసినాయన దగ్గర విప్పించినా. క్రౌన్ పళ్ళు బాగున్నాయి, పెద్ద బేరింగ్ వేలితో తిప్పితే ఒకచోట గరుక్కుమని ఆగతా ఉంది, లోపలి ట్రాక్‌లో గోరంత మేర పెచ్చు లేచింది. గేర్‌బాక్స్ జోలికే పోలేదు. నంబరు చూపిస్తే బజార్లో బేరింగ్ దొరుకుతుంది అంటున్నారు, తీసుకోనా?

పాకాల మెకానిక్
నంబరు తర్వాత సీ3 లాంటి అక్షరాలుంటే అవీ కలవాల, అది లోపలి సందుకి గుర్తు, అది లేనిది వేస్తే వేడికి బిగుసుకుంటుంది. బేరింగ్ మారితే షిమ్ములు, అదే సందు సరిచేసే పల్చటి వాషర్లు, మళ్ళీ కొలవాల, డయల్ గేజ్ (సన్నటి సందు కొలిచే ముల్లు మీటరు) లేనివాళ్ళ చేతికి ఇవ్వొద్దు. ఆయిల్ సీల్ కూడా కొత్తదే వెయ్యి, అది కారితే ఆయిల్ పొయ్యేది వెనక టైర్ మీదికే. ఆయిల్ మీ మాన్యువల్లో చెప్పిందే, చెప్పినంతే, ఎక్కువ పోస్తే సీల్ నుంచి తంతుంది. కొంత దూరం తిరిగినాక ఒకసారి దించి ఆ మ్యాగ్నెట్ ఫోటో ఈడ పెట్టు, చూసి చెప్తా.