దగ్గరి ముఖాల ఫొటోలకి 50 ఎం.ఎం. లెన్స్ చాలా, 85 కావాలా, మాక్రో కొనాలా?

గోదారిగట్టు:
మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మా మామ్మ, పక్కింటి మామ్మలు మధ్యాహ్నం అరుగు మీద చేరి లేసు అల్లుతారు. వాళ్ల ముఖాలు ఫ్రేమ్ నిండా తీయాలని నా కోరిక. ఉన్నది కెనాన్ క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ కెమెరా), దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్. ఒక్క లెన్స్‌కే డబ్బులున్నాయి. ఏది కొనమంటారు?

కొబ్బరినీడ:
50 ఎఫ్ 1.8 కొనేయండి. క్రాప్ మీద, పెద్ద సెన్సర్ కెమెరాలో 80లా పనిచేస్తుంది, ధర తక్కువ, 35 సెంటీమీటర్ల దాకా ఫోకస్ అవుతుంది. అరుగు ఇరుకైనా ఇబ్బంది లేదు.

లంకకెమెరా:
నేను ఒప్పుకోనండీ. 80లా అనేది ఫ్రేమ్‌లో ఎంత పడుతుందన్న లెక్క. ముఖం రూపు మార్చేది దూరం. నుదుటి నుంచి గడ్డం దాకా, సుమారు 17 సెంటీమీటర్లు, ఫ్రేమ్ నిండాలంటే 50తో అర మీటరు దగ్గరికి వెళ్లాలి. అక్కడి నుంచి ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. అదే ఫ్రేమ్ 85తో సుమారు 85 సెంటీమీటర్ల నుంచి, చిన్న వస్తువుల్ని బాగా దగ్గర నుంచి తీసే 100 మాక్రోతో దాదాపు మీటరు నుంచి వస్తుంది.

మా అమ్మమ్మని 50తో అలాగే తీశాను. "నా ముక్కు ఇలా ఉంటుందేంట్రా" అని ఫొటో పక్కన పెట్టేసింది. నాకు చాలా బాధేసింది. తర్వాత స్నేహితుడి 85 అడిగి తెచ్చి, అదే చోట కూర్చోబెట్టి, వెనక్కి జరిగి తీశాను. అది ఇప్పుడు మా హాల్లో గోడ మీద ఉంది.

కొబ్బరినీడ:
దూరం మాట నిజమే. కానీ కొత్తవాళ్లకి 85 కష్టం. అంత దగ్గర్లో ఎఫ్ 1.8 పెట్టి లెన్స్ రంధ్రం పూర్తిగా తెరిస్తే ఫోకస్‌లో ఉండేది అర సెంటీమీటరే. రెప్పలు బాగుంటే ముక్కు మసక.

లంకకెమెరా:
రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 5.6 పెట్టుకుంటే సరి. అసలు ఈయనకి నేను మాక్రోనే చెబుతాను. కెనాన్ 85 ఎఫ్ 1.8 ఆ 85 సెంటీమీటర్ల కంటే దగ్గరికి రాదు. 100 మాక్రో 30 దాకా వస్తుంది, మామ్మ వేళ్ల మధ్య దారం ముడి కూడా తీయొచ్చు. ధర ఎక్కువే, సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. టార్చి వేసి లోపల బూజు ఉందేమో తప్పకుండా చూడండి, మన తేమకి అది త్వరగా పడుతుంది. ఇంకోటి, కొబ్బరి చెట్ల కింద తీయకండి. ఆకుల పచ్చదనం చర్మం మీద పడుతుంది. అరుగే మంచిది.

కొనేముందు ఒక పని చేయండి. కిట్ లెన్స్ 55 మీద పెట్టి అర మీటరు నుంచి ఒకటి, మీటరు నుంచి ఒకటి తీయండి. రెండోది కత్తిరించి ముఖం సైజు సమానం చేసి, పక్కపక్కన పెట్టి చూడండి.

గోదారిగట్టు:
టైలరు టేపుతో కొలిచి మరీ తీశానండీ. రెండూ మామ్మకే చూపించాను. కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, మీటరు నుంచి తీసినదాని మీద వేలు పెట్టింది. మాక్రో కోసం వెతుకుతున్నాను.