అప్‌డేట్ వేశాక ఏరేటర్ అలారం రావట్లేదు, లాక్ స్క్రీన్ నిండా యాడ్స్. అప్‌డేట్లు ఆపేయాలా?

గుంటగట్టు (ఇందుకూరుపేట):
4 జీబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 14. రొయ్యల గుంటల దగ్గర ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే మిషన్) స్టార్టర్ పెట్టెలో సిమ్ ఉంది. కరెంటు పోయినా, ఒక ఫేజ్ పోయినా యాప్‌కి అలర్ట్ రావాలి. అప్‌డేట్ తర్వాత స్క్రీన్ ఆపి గంట దాటితే ఏమీ మోగట్లేదు. యాప్ తెరిస్తే మాత్రం అలర్టులన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి. వాట్సాప్‌లో కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) రేట్లు చూసి వెనక్కి వచ్చేలోపు బ్యాంకు యాప్ మళ్లీ మొదటికొస్తోంది. యాడ్స్ నడపడానికే మన యాప్‌లని ఆపేస్తున్నారా?

బెంచ్‌టేబుల్ (ఒంగోలు):
అన్నా, అవి రెండు వేరే వేరే జబ్బులు. అలర్టులన్నీ ఒక్కసారే పడుతున్నాయంటే పెట్టె బాగానే పంపుతోంది, ఫోనే నిద్రలో ఉండి తీసుకోలేదు. ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అనే బ్యాటరీ పొదుపు ఏర్పాటు ఉంది. ఛార్జర్ లేకుండా, కదలకుండా, స్క్రీన్ ఆపి ఉంటే యాప్‌లకు నెట్ ఆగిపోద్ది. పైగా ఆండ్రాయిడ్ 9 నుంచి తక్కువగా తెరిచే యాప్‌లని వెనక వరసలోకి నెడుతుంది. అలారం యాప్‌ని రోజూ ఎవరు తెరుస్తారు? నెలల తరబడి ముట్టుకోకపోతే ఆండ్రాయిడ్ 12 నుంచి దాన్ని పూర్తిగా నిద్రపుచ్చి, పర్మిషన్లు కూడా తీసేస్తుంది.

యాప్ ఐకాన్ నొక్కిపట్టి యాప్ ఇన్ఫోలోకి వెళ్లండి. బ్యాటరీలో అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి. అదే పేజీలో కింద, వాడకపోతే యాప్‌ని ఆపే స్విచ్ ఉంటుంది, అది ఆఫ్ చేయాలి. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు. షావోమీలో నో రిస్ట్రిక్షన్స్‌తో పాటు ఆటోస్టార్ట్ విడిగా ఆన్ చేయాలి. శాంసంగ్‌లో బ్యాటరీ సెట్టింగుల్లో బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్ లిమిట్స్ తెరిచి, ఎప్పుడూ నిద్రపోని యాప్‌ల లిస్టులో చేర్చాలి. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఇవన్నీ మళ్లీ చూసుకోండి.

ఫోర్స్ స్టాప్ జోలికి పోవద్దు. అది నొక్కిన యాప్‌కి మళ్లీ మనం తెరిచేదాకా ఏ మెసేజీ చేరదు. కొన్ని కంపెనీల ఫోన్లలో రీసెంట్స్‌లో (ఈమధ్య తెరిచిన యాప్‌ల కార్డులు కనపడే చోట) క్లియర్ ఆల్ కొట్టినా అదే గతి. అలారం యాప్ కార్డుకి తాళం గుర్తు పెట్టే వీలుంటే పెట్టండి.

బ్యాంకు యాప్ మొదటికి రావడం మాత్రం ర్యామ్ కొరత. వర్చువల్ ర్యామ్ అంటే స్టోరేజీలో కొంత చోటుని ర్యామ్ కింద వాడటమే. చవక ఫోన్లలో ఆ స్టోరేజీ నిదానం, ఆఫ్ చేసి కూడా చూడండి. డెవలపర్ ఆప్షన్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ లిమిట్ ఎవరైనా మార్చి ఉంటే స్టాండర్డ్‌కి తెండి.

నెట్‌మూల (కావలి):
వేరే జబ్బులే కానీ పుట్టిల్లు ఒకటే. చవక ఫోన్ అమ్మకంలో లాభం తక్కువ. హార్డ్‌వేర్ మీద నికర లాభం 5 శాతం దాటనివ్వం అని షావోమీ 2018లో బాహాటంగానే చెప్పింది. మిగతాది సర్వీసుల మీద, యాడ్స్ మీద రావాలి కదా. ఇది చవక ఫోన్ల రోగమే అనుకోవద్దు. 2010లో ఐఫోన్‌కి మల్టీటాస్కింగ్ (యాప్‌లు వెనకాల నడవడం), ఐయాడ్ అనే యాపిల్ యాడ్స్ సర్వీసు రెండూ ఒకే ఓఎస్ 4లో వచ్చాయి.  

యాడ్స్ సంగతికొస్తే, లాక్ స్క్రీన్ సెట్టింగుల్లో గ్లాన్స్ లాంటి కారౌసెల్ (లాక్ స్క్రీన్ మీద బొమ్మలు, యాడ్స్ మార్చి చూపేది) ఉంటే ఆఫ్ చేయండి. షావోమీలో ఆథరైజేషన్ అండ్ రివొకేషన్‌లోకి వెళ్లి ఎంఎస్ఏ (యాడ్స్ చూపించే షావోమీ సొంత యాప్) ఆపాలి. నెట్ ఆన్‌లో ఉండాలి, 10 సెకన్లు లెక్క నడుస్తుంది, ఒక్కోసారి కుదరలేదని చెప్తుంది, మళ్లీ మళ్లీ నొక్కాల్సిందే. గూగుల్ సెట్టింగుల్లో అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేస్తే యాడ్స్ తగ్గవు, మన అలవాట్లని బట్టి ఎంచి చూపించడం తగ్గుతుంది, అంతే. ప్రైవేట్ డీఎన్ఎస్‌లో (సైట్ల అడ్రసులు వెతికిపెట్టే సర్వర్ సెట్టింగు) యాడ్స్ అడ్డుకునే అడ్‌గార్డ్ అడ్రసు పెడితే చాలా యాడ్స్ పోతాయి, యూట్యూబ్‌వి పోవు. ఆ సర్వర్ అందకపోతే మొత్తం నెట్టే ఆగినట్టు ఉంటుంది, అప్పుడు ఆటోమేటిక్‌కి మార్చండి.

త్రీఫేజ్ (సింగరాయకొండ):
ఇదంతా చేసినా, పంట మీద లక్షలు పెట్టినోళ్లు యాప్ నోటిఫికేషన్‌ని నమ్ముకోకూడదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుగంటే టైములోనే ఫోన్ కూడా గాఢ నిద్రలో ఉంటుంది. పెట్టెలో సిమ్ ఉందన్నారు, కాల్ అలర్ట్ ఉందేమో చూడండి. మామూలు కాల్‌ని డోజ్ ఆపదు. ఆ నంబరుని కాంటాక్ట్స్‌లో స్టార్ చేసి, డు నాట్ డిస్టర్బ్‌లో స్టార్ కాంటాక్ట్స్‌కి అనుమతి ఇవ్వండి. పెట్టెలోని సిమ్‌కి రీఛార్జ్ అయిపోతే కాల్ కూడా రాదు, గడువు తేదీ స్టార్టర్ మూత మీద రాసి పెట్టుకోండి.

గుంటగట్టు (ఇందుకూరుపేట):
కాల్ అలర్ట్ ఉంది, పెడతాను. పాత వెర్షన్‌కి పోతే ఎట్టా ఉంటుంది?

బెంచ్‌టేబుల్ (ఒంగోలు):
వద్దన్నా. దానికి చాలా ఫోన్లలో బూట్‌లోడర్ (ఫోన్ సాఫ్ట్‌వేర్‌ని మొదలుపెట్టే తాళం వేసిన భాగం) తెరవాలి, డేటా మొత్తం పోద్ది, తర్వాత యూపీఐ యాప్‌లు మొరాయించొచ్చు. పైగా బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌కి సెక్యూరిటీ ప్యాచ్ మానకూడదు. వెర్షన్ మారే పెద్ద అప్‌డేట్ మాత్రం పంట పట్టేదాకా ఆపుకోండి.

పరీక్ష ఇట్టా చేయండి: ఛార్జర్ తీసేసి, స్క్రీన్ ఆపి, బల్ల మీద కదపకుండా రెండు గంటలు ఉంచండి. తర్వాత పెట్టెకు కరెంటు ఆపించండి. ఛార్జింగ్‌లో ఉండగా వచ్చిన అలర్ట్‌ని లెక్కలోకి తీసుకోవద్దు, అప్పుడు డోజ్ పనిచేయదు.