అప్‌డేట్: బీపీకి నీటి మాత్ర మొదలయ్యాక పిక్కలు పట్టేయడం

నాన్నగారికి బీపీ మాత్ర టెల్మిసార్టాన్ 40కి తోడు క్లోర్‌థాలిడోన్ (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే నీటి మాత్ర) 12.5 మి.గ్రా. మొదలయ్యాక పిక్కలు పట్టేస్తున్నాయి, లేవగానే కళ్లు తిరుగుతున్నాయి, ఎందుకని ఇంతకుముందు అడిగాను. రక్తపరీక్షలో తేలింది. సోడియం 129 (ఉండాల్సింది 135–145), పొటాషియం 3.3 (3.5–5.0), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) మామూలే. డాక్టర్ క్లోర్‌థాలిడోన్ ఆపించి ఆమ్లోడిపిన్ 5 అనే వేరే బీపీ మాత్ర రాశారు. తర్వాతి పరీక్షలో సోడియం 136, పొటాషియం 4.1.

క్లోర్‌థాలిడోన్ లాంటి నీటి మాత్ర కిడ్నీల ద్వారా ఉప్పుని బయటికి పంపుతుంది, దాంతోపాటే పొటాషియమూ పోతుంది. పెద్ద వయసువాళ్లలో సోడియం మొదటి వారాల్లోనే పడిపోవచ్చు. నీరసమని చెంబులకొద్దీ మంచినీళ్లు తాగిస్తే రక్తంలో సోడియం ఇంకా పలచబడుతుంది. అందుకే మాత్ర మొదలెట్టినా, డోసు మార్చినా 2–4 వారాల్లో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. మాత్ర పొద్దున్నే వేస్తే రాత్రి బాత్రూమ్‌కి లేవక్కర్లేదు.

బీపీ కూర్చోబెట్టి చూశాక, నిలబెట్టి 1, 3 నిమిషాలకి మళ్లీ చూడండి. పై అంకె 20 తగ్గితే డాక్టర్‌కి చెప్పాలి.

అసలు ప్రమాదం మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్‌తో. టెల్మిసార్టాన్, నీటి మాత్రలతో కలిస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా అంతే, ఆ రోజే ఫోన్ చేసి మాత్రలు ఆపాలేమో అడగాలి. 'లో సోడియం' ఉప్పులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. టెల్మిసార్టాన్ ఒంట్లో పొటాషియం పెంచొచ్చు కాబట్టి, అది వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఈ ఉప్పు కొనకండి. మనిషి తికమకగా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకే.