శ్రావణమాసం ఆర్డర్లు చెప్పిన తేదీకి ఇవ్వలేకపోతున్నాను, ఎలా సర్దుకోవాలి?

అందరికీ నమస్కారం. తెనాలిలో ఇంటి ముందు గదిలోనే టైలరింగ్ షాపు నడుపుతున్నాను. రెండు మిషన్లు, నేను, సాయానికి ఒకమ్మాయి. ఆషాఢం చివరికి వచ్చేసరికి జాకెట్లు కుప్ప పడతాయి. అందరికీ వరలక్ష్మీ వ్రతం శుక్రవారానికే కావాలి.

లైనింగ్ జాకెట్టు కుట్టడానికి నాకు రెండు గంటలు చాలు. ఆలస్యమయ్యేది అక్కడ కాదు. లైనింగ్ గుడ్డ రంగు కలవక మళ్ళీ బజారుకు వెళ్ళడం, అంచులు కుట్టే ఫాల్, పికో పనికి బయటికిచ్చిన చీరలు వెనక్కి రాకపోవడం, కొలతకిచ్చిన ఆది జాకెట్టు ఏ సంచిలో పెట్టానో వెతుక్కోవడం, వీటికే సగం రోజు పోతోంది. మధ్యలో పిల్లల స్కూలు, వంట. పోయినేడు ఒకావిడ పాత జాకెట్టుతోనే పూజకు కూర్చోవాల్సి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నోట్‌బుక్‌లో తేదీల వారీగా రాస్తున్నాను కానీ ఏది కటింగ్ అయింది, ఏది హుక్స్ దగ్గర ఆగింది అన్నది తెలియట్లేదు. కటింగులన్నీ ఒకరోజు, కుట్టడం ఒకరోజు పెట్టుకుంటే మేలా, లేక ఒక్కొక్కటీ పూర్తి చేసుకుంటూ పోవాలా? రోజుకు ఇన్నే తీసుకుంటానంటే పాత కస్టమర్లు దూరమవుతారా? ఈ పనిలో ఉన్న అక్కలు, అన్నలు మీరెలా చేస్తున్నారో చెప్పండి.