డెల్ ప్రెసిషన్ 7760 సెకండ్ హ్యాండ్‌లో: ఏం చూసి కొనాలి, ర్యామ్ 128 జీబీకి ఎలా పెంచాలి?

బేరింగ్_6205 అడిగారు:

సాలిడ్‌వర్క్స్‌లో (3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్) 2,000 పార్టులు దాటే అసెంబ్లీలు, అప్పుడప్పుడు ఎఫ్ఈఏ (డిజైన్ బలాన్ని లెక్కగట్టే విశ్లేషణ). 17 అంగుళాల తెర కావాలి, బరువు పట్టింపు లేదు. ఒక కంపెనీ వాడి వదిలేసిన ప్రెసిషన్ 7760 చూశాను: జియాన్ డబ్ల్యూ-11955ఎం, ఆర్టీఎక్స్ ఏ4000 8 జీబీ, ర్యామ్ 32 జీబీ (16×2), 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. ర్యామ్ 128కి పెంచి, 2 టీబీ ఎస్‌ఎస్‌డీ వేసి, ఉన్న విండోస్‌నే అందులోకి క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేద్దామని ఆలోచన.

డబ్బు కట్టేముందు ఏం పరీక్షించాలి? ఉన్న రెండు 16లు ఉంచేసి మరో రెండు 32లు వేస్తే సరిపోతుందా? తర్వాత గ్రాఫిక్స్ కార్డు మార్చుకునే వీలుందా?

స్క్రూడ్రైవర్_00:

ముందు తాళాలు చూడండి. కంపెనీ నుంచి వచ్చిన మెషీన్‌లో అసలు ప్రమాదం అక్కడే.

ఆన్ చేస్తూ ఎఫ్2 కొట్టి బయాస్‌లోకి వెళ్లండి. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే అక్కడికక్కడే వద్దనండి. ఈ తరం మెషీన్లలో బోర్డు మీది చిన్న సీమోస్ బ్యాటరీ పీకినా ఆ పాస్‌వర్డ్ పోదు. తర్వాత సెక్యూరిటీ విభాగంలో అబ్సల్యూట్ (కంపెనీలు తమ మెషీన్లని దూరం నుంచి కనిపెట్టే సేవ) ఏ స్థితిలో ఉందో చూడండి. యాక్టివేట్ అయి ఉంటే పాత యజమాని దూరం నుంచే మెషీన్‌ని లాక్ చేయగలడు. దాన్ని వాళ్లే తమ ఖాతాలోంచి విడుదల చేయాలి, మీ చేతిలో లేదు.

మూడోది చాలామంది వదిలేసే పరీక్ష. విండోస్ రీసెట్ చేయించి, మొదటి సెటప్ తెర దగ్గర నెట్ కలపండి. కంపెనీ పేరుతో లాగిన్ పేజీ వస్తే అది ఇంకా ఆటోపైలట్‌లో (కంపెనీ మెషీన్లని నెట్ ద్వారా సెటప్ చేసే మైక్రోసాఫ్ట్ సేవ) నమోదై ఉన్నట్టే. నెట్ లేకుండా సెటప్ పూర్తి చేసి చూపిస్తే ఈ సంగతి బయటపడదు.

ఛార్జర్ 240 వాట్లది ఉండాలి. డెల్ పిన్ మధ్యలో ఉండే సన్నని సూది ద్వారానే ఛార్జర్ తన వాటేజీ చెబుతుంది. అది వంగినా విరిగినా ‘అడాప్టర్ రకం తెలియట్లేదు’ అని హెచ్చరిక వస్తుంది, బ్యాటరీ ఎక్కదు, ప్రాసెసర్ వేగం బాగా పడిపోతుంది. బయాస్‌లోనే ఎన్ని వాట్ల ఛార్జర్ తగిలించారో కనిపిస్తుంది. 100 వాట్ల టైప్-సీ డాక్ దీనికి పూర్తి లోడ్‌లో చాలదు.

బ్యాటరీకి విండోస్‌లోని పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో బ్యాటరీ రిపోర్ట్ తీసి, డిజైన్ కెపాసిటీకీ ప్రస్తుత ఫుల్ ఛార్జ్ కెపాసిటీకీ తేడా చూడండి. ఉబ్బిందేమో చేత్తోనే తెలుస్తుంది: బల్ల మీద పెడితే ఒక మూల ఊగుతుంది, టచ్‌ప్యాడ్ నొక్కితే గట్టిగా తగులుతుంది, అడుగు మూత అంచున సందు కనిపిస్తుంది. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా బ్యాటరీ మార్చేదాకా వాడకండి.

డిమ్_స్లాట్:

ర్యామ్ సంగతి నేను చెబుతాను. మీది జియాన్ కాబట్టి ఇంకో మెలిక ఉంది.

జియాన్ ఉంటే ఈసీసీ ర్యామ్ (మెమరీ తప్పుల్ని తానే సరిదిద్దే రకం) పడుతుంది, మామూలు ర్యామూ పడుతుంది. రెండూ కలపకూడదు. కలిపితే బూట్ కాకపోవడమో, ఈసీసీ పనిచేయకపోవడమో జరుగుతుంది. ఉన్నది ఏదో స్టిక్ మీదే తెలుస్తుంది. నల్ల చిప్పులు లెక్కపెట్టండి: మామూలు స్టిక్‌కి 8 లేదా 16, ఈసీసీకి 9 లేదా 18. విప్పకుండా అయితే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది.

16+16+32+32 పనిచేయొచ్చు, కానీ అది 96 జీబీ, 128 కాదు. మీకు 128 కావాలంటే 32 జీబీ డీడీఆర్4-3200 సోడిమ్‌లు (ల్యాప్‌టాప్ ర్యామ్ స్టిక్‌లు) నాలుగు, ఒకే పార్ట్ నంబర్‌వి, ఒకే కిట్‌గా కొనండి. రకరకాల స్టిక్‌లు కలిపినప్పుడు వచ్చే తప్పులు వెంటనే కనబడవు. ఎఫ్ఈఏ సాల్వర్ మూడు గంటలు నడిచి కూలిపోతుంది, మీరేమో మెష్‌ని తిడుతూ కూర్చుంటారు.

అడుగు మూత తీస్తే రెండు స్లాట్లే కనిపిస్తాయి. మిగతా రెండు కీబోర్డు కింద ఉంటాయి. కష్టమంతా ఆ కీబోర్డు తీయడంలోనే. దాని రిబ్బన్ కేబుల్ బోర్డు మీది కనెక్టర్లో ఉంటుంది. దానికి గోరంత వెడల్పున ఒక రేకు మూత ఉంటుంది, దాన్ని ముందు పైకి లేపాలి, అప్పుడే రిబ్బన్ జారుతుంది. లేపకుండా లాగితే ఆ రేకు విరుగుతుంది. ఇక ఆ కనెక్టర్ రిబ్బన్‌ని పట్టుకోదు, బోర్డు మీద టంకం పని పడుతుంది.

వరస ఇది: షట్‌డౌన్, ఛార్జర్ తీసెయ్యడం, అడుగు మూత, మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్, తర్వాత పవర్ బటన్ ఒక 15 సెకన్లు నొక్కి పట్టడం. ఆ తర్వాతే మిగతావి. స్టిక్‌ని సుమారు 30 డిగ్రీల వాలులో దూర్చండి. బంగారు గీతలు దాదాపు కనిపించకుండా లోపలికి పోవాలి, అప్పుడు కిందికి నొక్కితే రెండు పక్కల క్లిప్పులూ టక్కుమంటాయి. ఒక్క పక్కే పడితే తీసి మళ్లీ పెట్టండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు, మెమరీ ట్రైనింగ్ జరుగుతుంటుంది. భయపడి పవర్ తీసేయకండి. తర్వాత ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పూర్తిగా నడపండి. 128 జీబీకి ఒక రాత్రి చాలకపోవచ్చు.

ఒకవేళ మనసు మారి 2022 మోడల్ 7770 వైపు చూస్తే జాగ్రత్త. అందులో డెల్ సోడిమ్‌ల బదులు తన క్యామ్ అనే మెమరీ పలక తెచ్చింది. మెమరీ ప్రమాణాల సంస్థ జెడెక్ 2023 డిసెంబర్‌లో ప్రకటించిన క్యామ్2 వేరు, అది ఇందులో పట్టదు. క్యామ్ ఉన్న మెషీన్ అయితే ఎంత మెమరీతో వచ్చిందో చూసే కొనండి.

బేరింగ్_6205:

మూడు గంటలకి కూలిపోవడం అన్నారు కదా, అందుకే ఈసీసీకే వెళ్తాను. క్లోనింగ్, గ్రాఫిక్స్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

నాలుగు_లేన్లు:

గ్రాఫిక్స్ కార్డు మార్చే ఆశ పెట్టుకోకండి. ఇది ఎంఎక్స్‌ఎం (ల్యాప్‌టాప్‌లలో మార్చుకోగల ప్రామాణిక కార్డు) కాదు, డెల్ సొంత ఆకారపు కార్డు. హీట్‌సింక్ కూడా కార్డుని బట్టి మారుతుంది. రేపు ఏ5000 16 జీబీ కావాలనిపిస్తే ఇప్పుడే ఆ కార్డుతో వచ్చిన మెషీన్ వెతకడం మేలు. మీ అసెంబ్లీ పనికి 8 జీబీ చాలు. మోడలింగ్ వేగం ఎక్కువగా ప్రాసెసర్ ఒక్క కోర్ మీదే ఆధారపడుతుంది.

ఎస్‌ఎస్‌డీ: 11వ తరం హెచ్ ప్రాసెసర్లో 20 జెన్4 లేన్లు (డేటా నడిచే పీసీఐఈ దారులు) ఉంటాయి. 16 గ్రాఫిక్స్‌కి, 4 ఒక ఎస్‌ఎస్‌డీకి. మిగతా ఎం.2 స్లాట్లు చిప్‌సెట్ నుంచి జెన్3గా వస్తాయి. జెన్4 డ్రైవ్ జెన్3 స్లాట్లో పెడితే సెకనుకి సుమారు 3,500 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. చెడిపోదు, నెమ్మదిస్తుంది అంతే. పాత డ్రైవ్ మీది థర్మల్ ప్యాడ్, రేకు పారేయకండి, కొత్తదానికి అవే కావాలి.

క్లోన్ మాత్రం వద్దంటాను. ఆ విండోస్‌లో పాత కంపెనీ పాలసీలు, ఏజెంట్లు ఏమున్నాయో మీకు తెలియదు. విండోస్‌తో అమ్మిన మెషీన్ అయితే లైసెన్స్ కీ ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది, అదే ఎడిషన్ కొత్తగా వేస్తే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘డ్రైవ్‌లు ఏమీ లేవు’ అని వస్తే డ్రైవ్ పోయిందనుకోకండి. బయాస్‌లో స్టోరేజ్ ‘రెయిడ్ ఆన్’లో ఉంటుంది, దాని డ్రైవర్ లేక విండోస్‌కి డ్రైవ్ కనబడదు. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని అక్కడే లోడ్ చేయండి, లేదా ముందే ఆ సెట్టింగ్‌ని ఏహెచ్‌సీఐకి మార్చండి.

స్క్రూడ్రైవర్_00:

ఒప్పుకుంటాను, కొత్తగా వేయడమే మంచిది. అయినా క్లోనే చేస్తానంటే రెయిడ్-ఏహెచ్‌సీఐ సెట్టింగ్ ముట్టుకోకండి, మారిస్తే నీలి తెర వస్తుంది. బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్ ఎన్‌క్రిప్షన్) ఉంటే పూర్తిగా డీక్రిప్ట్ చేశాకే మొదలెట్టండి. ఇంకోటి, సీ డ్రైవ్ పక్కనే రికవరీ పార్టిషన్ ఉంటే 2 టీబీలో మిగిలిన ఖాళీ సీకి కలవదు. క్లోన్ చేసేటప్పుడే దాన్ని డిస్క్ చివరికి జరపండి.

అన్నీ బిగించాక హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి, ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ కలిపి అరగంట లోడ్ ఇవ్వండి. థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గడం) గడిలో ‘ఎస్’ (అవును) అని పడుతూనే ఉంటే ముందు ఫ్యాన్‌కీ హీట్‌సింక్ రెక్కలకీ మధ్య దుమ్ము మెత్త పట్టిందేమో చూడండి. థర్మల్ పేస్ట్ మార్చడం ఆ తర్వాత.